అక్క వచ్చిన డిసెంబరు

1 డిసెంబరు 2024, ఆదివారం, అలియాబాద్

పొద్దున ఆరాధనలో అయ్యగారు మెదక్ చర్చి నూరేళ్ల పండుగ ప్రకటన చదివారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన గుడికి ఈ క్రిస్మస్‌తో నూరు నిండుతాయి. చార్లెస్ వాకర్ పాస్నెట్ గురించి, కరువు రోజుల్లో పని కల్పించి జనానికి కూడు పెట్టిన సంగతి గురించి, అంతెత్తు గోపురం గురించి చెప్పారు. అన్నీ నిజాలే. నేను మాత్రం మా అమ్మమ్మను తలుచుకుంటూ కూర్చున్నాను. ఇంకా ఓణీ వేయని వయసులో ఆ గోడలకు సున్నం తట్టలు మోసింది ఆమె. కట్టినవాళ్లలో ఒక్కరి పేరే ప్రసంగానికి అందింది.

మధ్యాహ్నం అక్క ఫోన్.

"చెల్లె, టికెట్ అయింది. పద్నాలుగో తారీకు పొద్దుగాల దిగుత. నువ్వు ఏర్‌పోర్టుకు రాకు, మోకాళ్లు నొస్తయి."

యార్క్‌షైర్‌లో ఒక పల్లెటూరిలో ఉంటుంది. డెబ్బై మూడేళ్లు. వాళ్ల నాయన మా జిల్లాలో మిషన్ దవాఖాన డాక్టరు, మా నాయిన అదే దవాఖానలో కాంపౌండరు, మా అమ్మ వాళ్ల బంగ్లాలో ఆయా. అక్క పుట్టింది, నడక నేర్చింది, మాట నేర్చింది అన్నీ ఆ కాంపౌండులోనే. 1969లో ఆ దొరల కుటుంబం తిరిగి ఇంగ్లండు వెళ్లిపోయింది. అప్పటి నుంచి మొదట నీలి ఏరోగ్రాములు, తర్వాత ఫోన్లు. ఎప్పుడూ తెగలేదు.

5 డిసెంబరు, గురువారం

ముందు గది కడిగించాను. కొత్త దుప్పట్లు, దోమతెర. అక్క మొదటిసారి ఈ ఇంటికి వచ్చినప్పుడు శామీర్‌పేట దారి పొడవునా ద్రాక్షతోటలు ఉండేవి. అనాబ్-ఎ-షాహీ గుత్తులు పందిళ్లకు వేలాడుతుంటే కారు ఆపించి దిగి నిలబడింది. ఇప్పుడు తోటలన్నీ ప్లాట్లు అయ్యాయి. రాజీవ్ రహదారి మీద కరీంనగర్ బస్సులు, తుర్కపల్లి జీనోమ్ వ్యాలీకి కంపెనీ బస్సులు. అనపకాయలు దొరికాయి, ఒలిచి పెట్టాలి. ఆమెకు మా అమ్మ వండిన అనపగింజల కూరంటే ప్రాణం.

8 డిసెంబరు, ఆదివారం, రాత్రి

నిద్ర పట్టలేదు. గుండెలో ఏదో ఆదుర్దా. లేచి రాస్తున్నాను.

మిషనరీల జీవితమంటే బంగ్లా, నౌకర్లు, గుర్రబ్బండి అని బయటివాళ్లు అనుకుంటారు. నేను దగ్గర్నుంచి చూసింది ఇంకొకటి: పిల్లల్ని దూరం పంపడం. ఆరేడేళ్లు రాగానే కొండల మీది బడికి పంపాలి. ఎండలకీ జబ్బులకీ భయపడి, ఇంగ్లీషు చదువు కోసం. కొడైకెనాల్‌లో 1901లో మిషనరీ పిల్లల కోసమే బడి పెట్టారు. అక్కను నీలగిరుల్లో ఒక బడిలో వేశారు. అంతకుముందు తరాల్లో అయితే నేరుగా ఓడ ఎక్కించి ఇంగ్లండుకే పంపేవారు. తల్లి మొహం మళ్లీ చూసేసరికి పిల్లలకు మీసాలు వచ్చేవి.

అక్కన్నపేట స్టేషన్లో రైలు ఎక్కించేవారు. నిజాం కాలంలో వేసిన గోదావరి లోయ రైలు మార్గం అది. సికింద్రాబాద్ నుంచి మన మేడ్చల్ మీదుగా నిజామాబాద్, ఆపైన మన్మాడ్ దాకా పోతుంది. మెదక్ మిషన్ వాళ్లందరికీ ఆ స్టేషనే గుమ్మం. అక్క వాళ్లమ్మ, దొరసాని అమ్మగారు, రైలు కదిలేదాకా నవ్వుతూ చెయ్యూపేది. రైలు మలుపు తిరిగాక మా అమ్మ భుజం మీద పడేది. అమ్మ ఎన్నోసార్లు చెప్పింది నాకు ఆ సంగతి. చెప్పినప్పుడల్లా తనూ ఏడ్చేది. ఎందుకంటే ఆ పిల్లల్ని చంకనేసుకుని పెంచింది అమ్మే. ఆ సంవత్సరాల్లో నన్ను పెంచింది అమ్మమ్మ. తల్లికి బిడ్డ దూరం, ఆయాకు తన బిడ్డా దూరమే. ఒక మిషన్ పనికి రెండు ఇళ్లు ఖర్చయ్యాయి.

ఆ కొడైకెనాల్ బడిలోనే చదివాడు పాల్ హీబర్ట్. 1932లో శంషాబాద్‌లో మెన్నొనైట్ బ్రెద్రెన్ మిషనరీ ఇంట్లో పుట్టి, పాలమూరు జిల్లాలో తిరిగి, తర్వాత మానవశాస్త్రం చదివి అమెరికాలో పేరుమోసిన ప్రొఫెసర్ అయ్యాడు. 1971లో ఆయన పుస్తకం ‘కొండూరు’ వచ్చింది. అందులో ఉన్నది మన పల్లె: కులాలు, కొలుపులు, పంచాయితీలు, ఎవరు ఎవరింట్లో నీళ్లు తాగుతారో ఆ లెక్కలు. మతం మార్చడానికి వచ్చిన ఇంటి పిల్లవాడు పల్లె చెప్పేది వినడానికి కూర్చున్నాడు. ఆయన మీద నాకు గౌరవం అందుకే. కాంపౌండు గోడ అవతల ఆడుకున్న పిల్లలకే అది చేతనవుతుందని నా నమ్మకం.

14 డిసెంబరు, శనివారం

వచ్చింది. కారు దిగుతూనే "ఏం బిడ్డా, ఎండిపోయినవ్" అంది, అచ్చం మా అమ్మ గొంతుతో. నన్ను పట్టుకుని చాలాసేపు వదల్లేదు. డ్రైవరు బాబు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"మామ్మగారికి తెలుగు ఎట్లొచ్చు?"

"నా తెలుగుకేమైంది నాయినా, నీదే సగం ఇంగ్లీషున్నది" అంది.

అన్నం కలుపుకుని చేత్తో తిన్నది. చేయి కాస్త వణుకుతోంది. భర్త పోయి రెండేళ్లు కావస్తోంది. ఆ మాట నేను ఎత్తలేదు, ఆమే ఎత్తింది, తిన్నాక.

17 డిసెంబరు, మంగళవారం

అక్క పెట్టెలో బిస్కెట్ డబ్బా ఒకటి తెచ్చింది. వాళ్లమ్మ దాచిన ఫొటోలు. అన్నీ మంచం మీద పరిచాం.

దవాఖాన అరుగు. బంగ్లా వరండా. బోర్డింగు పిల్లల వరుస. వానాకాలం వాగులో ఇరుక్కున్న జీపు. ప్రతి ఫొటో వెనకా దొరసాని అమ్మగారి చేతిరాత. తెల్లవాళ్లందరికీ పేర్లున్నాయి, ఇంటిపేర్లతో సహా. మిగతావాళ్లకి: ఆయా. మా కాంపౌండరు. బైబిల్ స్త్రీలు. వంటమనిషి, వాళ్ల పిల్లలు. నేనున్న ఫొటోలో నేను ‘ఆయా కూతురు’.

అక్క కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "అమ్మకు పేర్లు తెల్వక కాదు చెల్లె. పొద్దుందాక మీ అమ్మను పేరు పెట్టే పిలుస్తుండె."

నాకూ తెలుసు. ఆ ఫొటోలు ఇంగ్లండులో చందాలిచ్చే సంఘాల వాళ్లకు చూపించడానికి. అక్కడి మెథడిస్టు సండేస్కూలు పిల్లలు జె.ఎం.ఏ. అనే సంఘం పేరుతో వారం వారం చిల్లర పోగుచేసేవారు. అక్కే చెప్పింది, తానూ ఆ పెట్టె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిందట. ఆ పిల్లలకు ‘ఆయా’ అంటే చాలు, కథ అర్థమైపోతుంది. పేరు అవసరం పడలేదు. దవాఖానకు గాజుగుడ్డ, కునైన్, పాలపొడి ఆ చిల్లరతోనే వచ్చాయి. ఆ పాలపొడి తాగినవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకని ఆ పిల్లల మీద కోపం రాదు. కానీ అమ్మ పేరు లేని ఆ వెనకవైపు చూస్తే కడుపులో మండింది. రెండూ నిజమే, ఒకదాన్ని ఇంకొకటి చెరపదు.

అక్క పెన్ను నా చేతికిచ్చింది. "రాయి."

తెలుగులో రాశాను. అమ్మ పేరు, నాయిన పేరు, ఇద్దరి ఊళ్లు. అక్క వాటి కింద ఇంగ్లీషులో రాసింది. చీకటి పడేదాకా అదే పని.

19 డిసెంబరు, గురువారం

ఇంకా ఫొటోలే. మధ్యలో అక్క అడిగింది: "మనం బంగ్లా బల్ల మీద కలిసి తిన్నమా ఎన్నడన్న?"

లేదు. వంటింట్లో తిన్నాం, చింతచెట్టు కింద తిన్నాం. బల్ల దగ్గర ఎప్పుడూ లేదు. దొర, దొరసాని చెడ్డవాళ్లని కాదు. అర్ధరాత్రి కాన్పు వస్తే దొర లాంతరు పట్టుకుని మాలపల్లెకు నడిచి వెళ్లిన మనిషి. అయినా బల్ల బల్లే.

ఈ సంగతి నూరేళ్ల కిందటే ఒకరు నిలబడి చెప్పారు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి జిల్లా తమిళుడు. అక్కడి భారతీయ మిషనరీ సంఘం తరఫున నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకుని, భార్యాపిల్లలతో ఇక్కడే స్థిరపడ్డారు. 1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగితే, వందలమంది తెల్లవాళ్ల ముందు, విదేశీ మిషనరీలకూ ఇక్కడి పనివాళ్లకూ మధ్య స్నేహం లేదని ముఖం మీదే చెప్పారు. మీ త్యాగాలకు కృతజ్ఞులమే, మాకు స్నేహితులు కూడా కావాలి అన్నది ఆయన మాటల సారం. సభలో కొందరికి మింగుడు పడలేదు. రెండేళ్లకు, 1912 డిసెంబరులో, ఆయనే దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్.

నేను నర్సుగా పనిచేసిన ఏళ్లన్నీ ఆయన మాట నాలో ఉంది. రోగికి సేవ చేయడం కష్టమే, కానీ అలవాటవుతుంది. రోగి పెట్టిన గంజి తాగడం అంత తొందరగా రాదు. ఇచ్చే చేతికి పుచ్చుకోవడం రావాలి, అప్పుడే అది స్నేహం. పాత మిషనరీల్లో ఎవరి స్నేహాలు నిలిచాయో చూస్తే అందరూ పుచ్చుకోవడం తెలిసినవాళ్లే.

అక్క లేచి నా వంటింటి బల్ల మీద ఇద్దరికీ కంచాలు పెట్టింది.

21 డిసెంబరు, శనివారం

రాత్రి క్యారల్స్ పిల్లలు వచ్చారు. గిటారు, డప్పు, నెత్తిన శాంతాక్లాజు టోపీలు. అక్క గుమ్మంలో నిలబడి తెలుగు కీర్తనకు గొంతు కలిపితే పిల్లలు సంబరపడిపోయారు. టీ తాగుతూ ఇంటరు చదివే అమ్మాయి అడిగింది: "మామ్మా, మిషనరీలంతా బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లేనా? మనవాళ్లు ఎవరూ పోలేదా?"

అక్క నా వైపు చూసింది. చెప్పాను.

1860లో మద్రాసు నుంచి మొదటి ఓడ నేటాల్ చేరింది. చెరకుతోటల కూలీలు. తర్వాతి ఓడల్లో నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వెళ్లిన తెలుగు బాప్టిస్టులు కూడా ఉన్నారు. ఒంగోలులో మిషనరీ క్లౌ దొర కాలం నాటి కుటుంబాలు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కరువు దాటినవాళ్ల బంధువులు. అక్కడ వాళ్లకు తమ భాషలో వాక్యం చెప్పేవాళ్లు లేక ఇక్కడికి కబురు పంపుకున్నారు. తెలుగు బాప్టిస్టులే సొంతంగా పెట్టుకున్న మిషన్ సంఘం నెల్లూరు నుంచి జాన్ రంగయ్యను పంపింది. 1903లో భార్య కనకమ్మతో దక్షిణాఫ్రికా చేరి, కేర్స్నీ టీతోటల్లో తెలుగు సంఘం కట్టారు. 1915లో అక్కడే కన్నుమూశారు. తర్వాత కొడుకు థియోఫిలస్ ఆ పని ఎత్తుకున్నారు.

"ఇక్కడి చందాలతోనా?" అని అడిగింది అమ్మాయి. ఆ ప్రశ్న నాకు చాలా నచ్చింది. అవును, ఇక్కడి చందాలతోనే. కూలినాలి చేసుకునేవాళ్లు పిడికెడు బియ్యం తీసిపెట్టి కానుకగా ఇచ్చే అలవాటు మన సంఘాల్లో ఎప్పటి నుంచో ఉంది.

కనకమ్మ గురించి పిల్లలకు ఇంకా చెప్పాలనిపించింది. ఊరుకాని ఊరు, చుట్టూ జులూ మాటలు, ఇంగ్లీషు యజమానులు, కూలీ లైన్లలో కాపురాలు. మన దొరసాని అమ్మగారికి బంగ్లా ఉంది. ఈమెకు అదీ ఉండి ఉండదు.

23 డిసెంబరు, సోమవారం

పాత ఊరు వెళ్లాం. దవాఖాన తలుపులు మూసే ఉన్నాయి. కాంపౌండు వెనక సమాధుల దొడ్డి. అక్క తమ్ముడిది చిన్న సమాధి. 1958లో కంఠసర్పితో పోయాడు, రెండేళ్లవాడు. మా అమ్మ ఒళ్లోనే పోయాడు. అమ్మ బతికినంతకాలం ఏటా నవంబరు 2న వెళ్లి గడ్డి పీకి సున్నం వేసేది. అమ్మ తర్వాత నేను వెళ్తున్నాను. అమ్మ సమాధి అక్కడికి నాలుగడుగుల దూరమే.

అక్క రెండింటికీ బంతిపూలు పెట్టింది. సున్నం డబ్బా తెచ్చుకుని తనే వేసింది. వద్దంటే వినలేదు.

25 డిసెంబరు, బుధవారం, మెదక్

రాత్రి రెండింటికే బయలుదేరాం. మేడ్చల్, తూప్రాన్, చేగుంట మీదుగా. తెల్లవారుజామున మొదటి ఆరాధనకు అప్పటికే ఇసుక వేస్తే రాలని జనం. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వస్తున్నారని అడుగడుగునా పోలీసులు. లోపల చోటు దొరకడం కష్టమే అయింది. ఒకావిడ అక్కను చూసి జరిగి చోటిచ్చింది. అక్క నన్ను ముందు కూర్చోబెట్టి తాను సందులో ఇరుక్కుంది.

తెల్లవారాక గాజు కిటికీల్లో వెలుగు వచ్చింది. ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన మూడు కిటికీలు ఒకేసారి వచ్చినవి కావు: ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో. మూడోది బిగించిన కొత్తలో అక్కకు ఏడేళ్లు. అదే ఏడు తమ్ముడు పోయాడు. "మా అమ్మ గా కిటికీ ముందట మోకరిచ్చి గంటలు గంటలు లేవకపోయేది. నాకు భయమయ్యేది" అంది.

బయట మైదానంలో గొర్రెమాంసం, బగారా అన్నం వాసనలు. ఎడ్లబండ్లలో వచ్చి వారం రోజులు ఇక్కడే దిగేవారట మా అమ్మమ్మ కాలంలో. ఇప్పుడు ఆటోలు, ట్రాక్టర్లు, డీసీఎం వ్యాన్లు. హిందువులు, ముస్లిములు కూడా కొవ్వొత్తులు పట్టుకుని వరుసలో ఉన్నారు. ఎప్పుడూ ఉంటారు.

గోడ దగ్గర అక్కను నిలబెట్టి ఫొటో తీయబోయాను. "నేను కాదు, నువ్వు నిలబడు. మీ అమ్మమ్మ కట్టింది" అని ఫోన్ లాక్కుంది.

28 డిసెంబరు, శనివారం

డిచ్‌పల్లి. ఇది నేను అడిగి పెట్టించుకున్న ప్రయాణం. కుష్ఠు వార్డుల్లో పనిచేసినదాన్ని, అక్కడికి పోకుండా ఉండలేను.

ఇసబెల్ కెర్ స్కాట్లండ్ డాక్టరమ్మ. 1907లో భర్త జార్జ్ కెర్‌తో హైదరాబాద్ రాజ్యానికి వచ్చింది. నిజామాబాద్‌లో ఎవరూ ముట్టుకోని రోగులు ఆమె వాకిట్లోకి వచ్చారు. వైద్యం చేయాలి, చోటు లేదు, పైసలు లేవు. అప్పుడు ముందుకొచ్చింది నిజామాబాద్ రాజా నర్సా గౌడ్. హిందువు, హిందువుగానే ఉండిపోయాడు. పెద్ద మొత్తం ఆయనే ఇచ్చాడు. 1915లో డిచ్‌పల్లి దవాఖాన మొదలైంది. అప్పటికి కుష్ఠుకు డాప్సోన్ మందు వాడకంలోకి రాలేదు. చాల్‌మూగ్రా నూనె ఒక్కటే దిక్కు. తాగిస్తే వాంతులు, సూది వేస్తే ఆ చోట గడ్డకట్టి నొప్పి. 1920ల్లో ఆ సూదులతో రోగులు కొందరు నయమై ఇళ్లకు వెళ్లడం మొదలైందంటే, ఊళ్ల నుంచి వెళ్లగొట్టినవాళ్లు తిరిగి ఊళ్లలోకి నడవడం అది.

మిషన్ చరిత్ర అంటే ఇచ్చిన విదేశీయులు, పుచ్చుకున్న మనవాళ్లు అని చెప్పేవాళ్లను డిచ్‌పల్లి తీసుకుపోవాలి. ఇక్కడ చేయి చాచింది కెర్ దంపతులు, నింపింది నర్సా గౌడ్. ఆయనను ఎవరూ బాప్తిస్మం అడగలేదో, అడిగితే నవ్వి ఊరుకున్నాడో, వాళ్ల మధ్య అది అడ్డు రాలేదు. ఇసబెల్ 1930ల మొదట్లో పోయింది. దవాఖాన నిలిచింది.

అక్క వార్డు వరండాలో ఒక ముసలాయన పక్కన కూర్చుని, వేళ్లు లేని ఆయన చేయి తన చేతుల్లోకి తీసుకుని ముచ్చట పెట్టింది. ఆయన తన సంచిలోంచి రెండు జామకాయలు తీసి ఇచ్చాడు. అక్క అక్కడే కొరికి తిన్నది.

2 జనవరి 2025, గురువారం

అక్కను ఎక్కించి వచ్చాను. ఏర్‌పోర్టుకు పోవద్దన్నా పోయాను. ఇద్దరికీ ఈ వయసులో మళ్లీ కలుస్తామన్న హామీ లేదు. ఆ మాట దాచుకోకుండా మాట్లాడుకున్నాం. తాను ముందు పోతే బూడిద కొంత తమ్ముడి దగ్గర పెట్టాలని కాగితం మీద రాసి, కొడుకుకు పంపించిందట. నేను ముందు పోతే ఏడాదికోసారి సున్నం వేయించే బాధ్యత మా చిన్నమ్మాయి ఒప్పుకుంది. అక్క ఆమెతో విడిగా మాట్లాడి మాట తీసుకుంది.

బిస్కెట్ డబ్బా నాకే ఇచ్చేసింది. స్కాన్ చేసినవి తన దగ్గర ఉన్నాయి.

4 జనవరి, శనివారం

పేర్లు రాయాల్సిన ఫొటో ఒక్కటి మిగిలింది. బైబిల్ స్త్రీలు ముగ్గురు, భుజాన సంచులు, చెప్పుల్లేని కాళ్లు. ఎడమవైపు ఆమె మా పెద్దమ్మ వరస. నడుమ ఉన్నావిడ పేరు అక్కకు గుర్తొచ్చింది. కుడివైపు పొడుగాటి మనిషి మా ఇద్దరికీ తెలియదు. ఊరూరూ నడిచి ఆడవాళ్లకు అక్షరాలు నేర్పింది వీళ్లే. దొరలు చేరలేని వంటిళ్లలోకి వెళ్లింది వీళ్లే.

తూప్రాన్‌లో అప్పటి బోర్డింగు మాస్టరుగారి భార్య ఉన్నారు, తొంభై దాటాయి, జ్ఞాపకం బాగుందని విన్నాను. పొద్దున ఫోన్ చేస్తే రమ్మన్నారు. సోమవారం పోతాను. పేరు తెలిస్తే ఎంత రాత్రయినా ఫోన్ చేయమంది అక్క. ఊరి పేరు కూడా అడగమంది.